పొరుగూళ్లో ఎంబీఏ ఇంటర్వ్యూ: సంచి ఎలా సర్దుకోవాలి

ఎంబీఏ సీటు కోసం నవంబరులో క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తారు. ఆ తర్వాత జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఐఐఎం అనే మేనేజ్‌మెంట్ కాలేజీల ఇంటర్వ్యూలు నడుస్తాయి. కాల్ వచ్చినవాళ్లంతా సీనియర్లను అడిగేది ఒకటే, "ఏం చదవాలి అన్నా?" అని. ఏం సర్దుకోవాలని అడిగినవాళ్లను నేను చూడలేదు. నేనూ అడగలేదు. సాయంత్రం అనకాపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. తెల్లారి సికింద్రాబాద్‌లో దిగి, వెయిటింగ్ హాల్లో స్నానం కానిచ్చి, అటక మీంచి తీసి తెచ్చుకున్న అన్నయ్య పెళ్లి బూట్లు వేసుకున్నాను. పది అడుగులు వేశానో లేదో, కుడి బూటు అడుగు తడిసిన బిస్కెట్‌లా విరిగి రాలిపోయింది. టైము ఆరున్నర. నా స్లాటు తొమ్మిదింటికి. ఆ వేళప్పుడు బూట్ల షాపు ఎవడు తీస్తాడు?

ఆ రోజు నాకు ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. చిన్న ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లకు ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లాక మొదలవదు, రైలు దిగగానే మొదలవుతుంది. దిగిన దగ్గర్నుంచి గేటు దాకా ఉండే ఆ రెండు మూడు గంటల్లోనే స్నానం, బట్టలు మార్చుకోవడం, టిఫిను, దారి వెతుక్కోవడం, కాగితాలు సరిచూసుకోవడం అన్నీ జరగాలి. కాబట్టి సంచి సర్దేటప్పుడు ఆ గంటలను కళ్ల ముందు పెట్టుకోండి.

1. మెయిల్ వచ్చిన రోజే కాగితాలు బయటికి తీయండి

బట్టలు ముందు రోజు సర్దుకోవచ్చు. కాగితాలు అలా కుదరవు. ఇంటర్వ్యూకి పిలిచే మెయిల్‌లో ఒరిజినల్స్ జాబితా ఇస్తారు. దాన్ని ప్రింటు తీసి, ఒక్కోదాని పక్కన "ఇంట్లో ఉంది", "కాలేజీలో ఉంది", "తెప్పించాలి" అని రాసుకోండి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, సెమిస్టర్ మెమోలు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు ఒకేచోట ఉండే మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) లేదా ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), ఉద్యోగం చేస్తుంటే ఆఫర్ లెటరు, ఎక్స్‌పీరియన్స్ లెటరు, మొన్నటి జీతం స్లిప్పులు. ఫీజు బాకీ అనో, రీయింబర్స్‌మెంట్ రాలేదనో ఒరిజినల్స్ ఇంకా కాలేజీ బీరువాలోనే ఉంటే ఈ రోజే ఫోను చేయండి. ఆ సంగతి తేలడానికి ఎన్ని రోజులు పడుతుందో వాళ్లకే తెలియదు.

బీసీ కేటగిరీలో అప్లై చేసినవాళ్లు ఇక్కడ ఆగి చూసుకోవాలి. బీసీ-ఎ, బీసీ-డి అని మీసేవలోనో సచివాలయంలోనో తీసుకున్న ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్ ఎంసెట్ కౌన్సెలింగ్‌కి పనికొచ్చి ఉండొచ్చు, ఇక్కడ పనికిరాదు. ఐఐఎంలకు కావాల్సింది కేంద్రం నమూనాలో ఉండే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్. మన రాష్ట్రాల బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్రం ఓబీసీ జాబితాలో ఉండదు, అది కూడా చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల) సర్టిఫికెట్‌కి ఆర్థిక సంవత్సరం లెక్క ఉంటుంది. ఏ తేదీ తర్వాత ఇచ్చింది కావాలో కాల్ లెటర్‌లో రాస్తారు, ఆ వాక్యం కింద గీత గీసుకోండి. వీఆర్వో, ఆర్‌ఐ, తహసీల్దారు అని కాగితం మూడు బల్లలు దాటాలి. మధ్యలో ఒక పండగ వచ్చిందంటే ఇంటర్వ్యూ దాటిపోతుంది.

ఇక మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉండే తలనొప్పి, పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది. పాన్ కార్డులో ఇంటిపేరు చివరికి పోతుంది. క్యాట్ అప్లికేషన్‌లో మీరు ఏం రాశారో, ఏ గుర్తింపు కార్డు మీద అచ్చంగా అలాగే ఉందో చూసి ఆ కార్డు పట్టుకెళ్లండి. ఏదీ కలవకపోతే ఇంటర్వ్యూ నిర్వహించే కాలేజీకి ముందే మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు ప్రింటు తీసి ఫైల్లో ఉంచుకోండి. గేటు దగ్గర "మా వైపు ఇంటిపేరు ముందొస్తుంది సార్" అని హిందీలో వివరించడం అంత తేలిక కాదు.

టెన్త్‌లోనో బీటెక్‌లోనో గ్రేడు పాయింట్లు ఉంటే, వాటిని పర్సెంటేజీగా ఎలా మార్చాలో చెప్పే కాగితం కూడా కావాలి. చాలామంది మెమోల వెనకే ఆ సూత్రం అచ్చు వేసి ఉంటుంది, వెనక వైపు కూడా జిరాక్స్ తీయించండి.

2. టికెట్టు, బస

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఇంటర్వ్యూ కాల్ అంత ముందు రాదు. కాబట్టి మెయిల్ చూసిన గంటలోనే టికెట్టు సంగతి చూడండి. వెయిటింగ్ లిస్టు వస్తే తత్కాల్ మీద ఆశ పెట్టుకోవచ్చు. ప్రయాణానికి ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కి 11 గంటలకు తెరుస్తారు. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్‌తో ధ్రువీకరించిన అకౌంటు ఉండాలి. ఆ పని ఆ ఉదయం కాదు, ముందే చేసుకోండి.

ఉదయం స్లాటు అయితే ముందు రోజే చేరిపోండి, నా మాట వినండి. మధ్యాహ్నం స్లాటు అయితే అదే రోజు తెల్లారి దిగినా పర్వాలేదు. ఢిల్లీ వైపు జనవరిలో వెళ్లేవాళ్లు పొగమంచుకు రైళ్లు ఎన్ని గంటలు ఆలస్యమవుతాయో ఎవరినైనా అడగండి, తర్వాత టికెట్టు కొనండి.

ఏ స్టేషన్‌లో దిగుతున్నారో కూడా సరిగ్గా చూసుకోండి. హైదరాబాద్ అంటే సికింద్రాబాదా, నాంపల్లా, కాచిగూడా, లింగంపల్లా, కొత్తగా వచ్చిన చర్లపల్లా? బెంగళూరు అంటే మెజెస్టిక్ దగ్గరి కేఎస్సారా, యశ్వంత్‌పూరా, 2022లో మొదలైన బయ్యప్పనహళ్లి ఎస్‌ఎంవీటీయా? నా బెంగళూరు ఇంటర్వ్యూ బన్నేరుఘట్ట రోడ్డు మీద. రైలు ఎస్‌ఎంవీటీలో ఆగుతుందని టికెట్టు కొన్న పది రోజులకు గమనించాను. మ్యాపులో వేలు పెట్టి చూస్తే ఊరు ఆ చివర నుంచి ఈ చివరకి.

బసకి చుట్టాల ఇల్లు మంచిదే, కానీ ఇంటర్వ్యూ చోటుకి దగ్గరైతేనే. లేదంటే పీజీలో ఉండే క్లాస్‌మేటు గది నయం. అక్కడ ఇస్త్రీపెట్టె, బూటు పాలిష్, అద్దం మూడూ దొరుకుతాయి, పైగా "అబ్బాయికి జీతమెంత" అని అడిగే మావయ్య ఉండడు. ఎవరూ లేకపోతే స్టేషన్‌లో రిటైరింగ్ రూము గానీ డార్మిటరీ గానీ ముందుగా బుక్ చేసుకోవచ్చు, కన్‌ఫర్మ్ అయిన టికెట్టు పీఎన్ఆర్ నంబరు కావాలి. సామాను క్లోక్ రూములో పెట్టే ఆలోచన ఉంటే ఒక చిన్న తాళం కప్ప కొనండి. తాళం లేని సంచిని వాళ్లు తీసుకోరు. జిప్పుకి తాళం పట్టని సంచితో వెళ్లి, కౌంటరు ముందు గుడ్డ పేలికతో ముడులు వేస్తున్న ఒకతన్ని చూశాను. ముడులకి వాళ్లు ఒప్పుకోలేదు.

3. సంచులు రెండే

ఒకటి పెద్దది, బెర్తు కింద ఉండేది. రెండోది చిన్నది, భుజం మీంచి దిగనిది. పెద్ద సంచి పోయినా మీరు ఇంటర్వ్యూకి వెళ్లగలగాలి. ఏది ఎందులో పెట్టాలని సందేహం వచ్చినప్పుడల్లా ఈ మాట గుర్తు చేసుకోండి. ఫైలు, ఫోను, డబ్బు, గుర్తింపు కార్డు, మందులు చిన్నదాంట్లో. ఇంటర్వ్యూ చొక్కా ప్యాంటు కూడా చిన్నదాంట్లోనే పట్టించగలిగితే మరీ మంచిది. మిగతావన్నీ పెద్దదాంట్లో.

విమానంలో వెళ్తుంటే కూడా ఇదే లెక్క. సర్టిఫికెట్లు చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ చేయకూడదు. పవర్ బ్యాంకు చెకిన్ సంచిలో పెట్టనివ్వరు, కత్తెర, బ్లేడు చేతి సంచిలో తీసుకెళ్లనివ్వరు. దేశంలో తిరిగే విమానాల్లో చేతి సంచి బరువు మామూలుగా 7 కిలోలు. ఆ బరువులో బూట్లు కూడా ఉంటాయని మరిచిపోతాం.

4. ఫైలు

ప్లాస్టిక్ జేబులు కుట్టిన ఫైలు కొనండి. స్టేషనరీ షాపులో క్లియర్ బుక్ అంటే ఇస్తాడు. విడి కవర్లలో, పాలిథిన్ సంచుల్లో ఒరిజినల్స్ పెట్టుకుని వెళ్లి, టేబుల్ మీద అన్నీ పరిచి వెతుక్కోవడం చూడ్డానికే బాగుండదు. మొదటి జేబులో కాల్ లెటరు రెండు ప్రింట్లు, రెండో జేబులో గుర్తింపు కార్డు, ఆ తర్వాత వాళ్లు ఇచ్చిన జాబితా ఏ వరసలో ఉందో అదే వరస. ఒక్కో ఒరిజినల్ వెనక అదే జేబులో రెండు జిరాక్సులు, వాటి మీద సంతకం ఇంటి దగ్గరే పెట్టేయండి. చివరి జేబులో పాస్‌పోర్టు ఫొటోలు ఆరు, అప్లికేషన్‌లో పెట్టిన ఫొటో అయితే ఇంకా మంచిది. లామినేషన్ జోలికి పోవద్దు.

అన్నిటి ఫొటోలూ ఫోన్లో ఉన్నాయి కదా, డిజిలాకర్ ఉంది కదా అంటారు. ఉంచుకోండి. కానీ కొన్ని చోట్ల ఫోను బయటే పెట్టించేస్తారు.

ఈ ఫైల్లో అందరూ మరిచిపోయే కాగితం ఒకటుంది: మీరు నింపిన అప్లికేషన్ ఫారం కాపీ. ఇంటర్వ్యూ చేసే ప్యానెల్ వాళ్ల ముందు ఉండేది అదే. నాలుగు నెలల క్రితం హాబీల దగ్గర ఏం రాశారో మీకు గుర్తుండదు, వాళ్లకు మాత్రం ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది.

5. బట్టలు, బూట్లు

మగపిల్లలకు లేత రంగు ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ముదురు ప్యాంటు, బెల్టు, నల్ల సాక్సులు. కోటు ఉంటే వేసుకోండి, లేదని అప్పు చేసి కొనక్కర్లేదు. అద్దె కోటు భుజాల దగ్గర జారుతుంటే లేకపోవడమే మేలు. టై కట్టుకునే అలవాటు లేకపోతే ఇంట్లోనే ముడి వేసి, వదులు చేసి, తలలోంచి తీసి అలాగే సంచిలో పెట్టుకోండి. ఆడపిల్లలకు చీరైనా, సల్వార్ కమీజైనా, ఫార్మల్ ప్యాంటు షర్టైనా ఒకటే, ఇదివరకు రోజంతా కట్టుకుని తిరిగిందై ఉండాలి. కొత్త పట్టుచీర కుచ్చిళ్లతో స్టేషన్ బాత్రూములో కుస్తీ పట్టడం కంటే, కాలేజీ ఫేర్‌వెల్‌కి కట్టిన కాటన్ చీర నయం. పిన్నీసులు మాత్రం అనుకున్నదానికి రెట్టింపు పెట్టుకోండి.

చొక్కాలు రెండు తీసుకెళ్లండి. రెండోది కూడా ఇస్త్రీ చేసిందే. అట్టముక్క మీద మడిచి, పైన న్యూస్‌పేపరు చుట్టి, సంచిలో అన్నిటికంటే పైన పెడితే ముడతలు తక్కువ. అయినా నలిగితే, బాత్రూములో వేడినీళ్లు వదిలి తలుపేసి ఆ ఆవిరిలో పావుగంట తగిలించండి, చాలావరకు సర్దుకుంటుంది. వీధి చివర ఇస్త్రీ బండి ఉంటుందిలే అనుకోవద్దు, ఆరింటికి బొగ్గులు రాజేయరు.

బూట్ల దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే నా గుండె ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు వచ్చే చాలా ఫార్మల్ బూట్లకు అడుగు పాలీయురేథేన్‌ది. వాడకుండా ఏళ్లకేళ్లు అటక మీద ఉంచితే గాల్లో తేమకే అది లోపల్లోపల చివికిపోతుంది. మన కోస్తా గాలికి ఇంకా తొందరగా. పైకి తోలు మిలమిలలాడుతూనే ఉంటుంది, బరువు పడగానే పొడవుతుంది. వాడకుండా దాచిన బూటే ముందు పాడవుతుందన్నమాట. కాబట్టి ఏ బూట్లు వేసుకోవాలనుకున్నారో వాటిని వారం ముందు నుంచి రోజూ ఓ గంట వేసుకుని వీధిలో నడవండి. కొత్తవైనా ఇదే పని, మడమ దగ్గర కొరుకుతాయో లేదో అప్పుడు తెలుస్తుంది.

నా సంగతంటారా? అమీర్‌పేట హాస్టల్లో ఉన్న ఇంటర్ ఫ్రెండు ఒకడు బైకు మీద వచ్చి తన బూట్లు ఇచ్చి, నా చెప్పులు వేసుకుని వెళ్లాడు. సైజు ఒకటి ఎక్కువ. ముందు న్యూస్‌పేపరు కుక్కుకుని, జారిపోకుండా వేళ్లు బిగబట్టి నడిచాను. ప్యానెల్ నన్ను ఏమడిగిందో సగం గుర్తు లేదు గానీ, ఆ వేళ్ల నొప్పి గుర్తుంది.

రైల్లో చెప్పులే వేసుకోండి. బూట్లు కవర్లో చుట్టి సంచిలో పెట్టండి. బెర్తు కింద విప్పి పెడితే తెల్లారేసరికి వేరేవాళ్ల ఊళ్లో దిగిపోవచ్చు.

6. చిన్న డబ్బా

అమ్మ పోపుల డబ్బాలాంటిది మీకూ ఒకటి కావాలి. చిన్న జిప్పు పౌచి చాలు. సూది, తెల్ల దారం, రెండు చొక్కా గుండీలు, పిన్నీసులు, దువ్వెన, చిన్న అద్దం, రేజరు, బ్రష్షు, చిన్న సబ్బు, రెండు చేతి రుమాళ్లు. పారాసెటమాల్, ఎసిడిటీ మాత్ర, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు, మీరు రోజూ వేసుకునే మందులు. కళ్లజోడు ఉన్నవాళ్లు పాతదైనా రెండో జత. ఆడపిల్లలు నెల తేదీతో పని లేకుండా ప్యాడ్లు పెట్టుకోవాలి, టెన్షన్‌కి తేదీలు తెలియవు. పెన్నులు రెండు, ఇంట్లో రాసి చూసినవి. కొన్ని చోట్ల ఇంటర్వ్యూకి ముందు వ్యాసం రాయిస్తారు, అక్కడ పెన్ను అడుక్కోకూడదు.

డబ్బు మూడు చోట్ల పెట్టండి. యూపీఐ ఉన్నా వందలు, యాభైలు, పదులు చేతిలో ఉండాలి. పొద్దున్నే ఆటోవాడి దగ్గర సర్వర్ డౌన్ అయితే మీ స్లాటు ఆగదు. ఇంటర్వ్యూ చోటు అడ్రసు, అక్కడి ఫోను నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

7. తిండి

మనకు రైలు ప్రయాణం అంటే పులిహోరే. దాంతో తగువు లేదు, కానీ పసుపు నూనె మరక తెల్ల చొక్కా మీద పడితే సబ్బుకి కూడా పోదు. తినేది రాత్రి, వేసుకున్నది పాత టీషర్టు అయితే నిశ్చింతగా తినండి. ఆవకాయ సీసా మాత్రం ఎంత బిగించినా కారుతుంది. అమ్మ సంచిలో పెట్టేస్తే ఆమె ఎదుట తీయకండి, వీధి మలుపు తిరిగాక నాన్న చేతికిచ్చేయండి. కారప్పొడి రాసిన ఇడ్లీలు, చపాతీలు మర్నాటి పొద్దున దాకా ఉంటాయి.

ఇంటర్వ్యూ ఉదయం టిఫిను ఇంటర్వ్యూ బట్టలు వేసుకోక ముందే కానిచ్చేయండి. కుదరకపోతే చట్నీతో ఇడ్లీ తినండి, సాంబారు వద్దు. చిన్న సంచిలో బిస్కెట్లు, అరటిపండు, నీళ్లు ఉండాలి. పేరు తొమ్మిదింటికి రాసినా పిలిచేది ఒంటిగంటకి కావచ్చు.

8. చదివే కాగితాలు

లావు పుస్తకాలు వద్దు. రైల్లో తెరవరు, తెరిచినా తలకెక్కదు. ఇరవై పేజీల నోటు పుస్తకం ఒకటి చాలు: మీ బ్రాంచిలో నాలుగు ముఖ్యమైన సబ్జెక్టులు, మీ ఉద్యోగం, ఎంబీఏ ఎందుకు అన్నదానికి మీ సొంత మాటలు, ఈ నెల వార్తలు. ఒక పేజీ మీ ఊరికి కేటాయించండి. ఇది చాలామంది వదిలేస్తారు. మాది అనకాపల్లి అనగానే ప్యానెల్లో ఒకాయన బెల్లం గురించి అడిగారు. దిమ్మ ఎంత బరువుంటుంది, రంగు ఎందుకు మారుతుంది, రైతుకి ధర ఎవరు కడతారు? పుట్టినప్పటి నుంచి ఆ మార్కెట్టు పక్కనుంచే బడికి వెళ్లినవాణ్ని, ఒక్కదానికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఏటికొప్పాక వాళ్లను లక్క బొమ్మల గురించి, ఉప్పాడ వాళ్లను జమ్దానీ గురించి అడగరని ఎలా అనుకుంటాం? బయల్దేరే ముందు తాతయ్యతో ఒక గంట కూర్చుంటే ఆ పేజీ నిండుతుంది.

ఆ రోజు పేపరు మాత్రం స్టేషన్లో కొనండి. చదివాక బూట్లలో కుక్కుకోవడానికైనా పనికొస్తుంది.

9. వెంట ఎవరైనా వస్తే

నాన్న వస్తానంటే రమ్మనండి. "నేనేం చిన్నపిల్లాణ్ని కాదు" అని అలగడం దేనికి? పెద్ద సంచి చూసుకునే మనిషి బయట ఉంటే మీ భుజం తేలికపడుతుంది. కాకపోతే గేటు బయట మిగతా తండ్రులతో కలిసి ఎవరి పిల్లాడి పర్సంటైల్ ఎంతో లెక్కలు వేయొద్దని ముందే చెప్పండి.

10. అయిపోయాక

తిరుగు టికెట్టు అదే సాయంత్రానికి తీసుకోవద్దు, రాత్రి బండికి గానీ మర్నాటికి గానీ తీసుకోండి. వరసలో చివర పడితే అక్కడే చీకటి పడుతుంది.

సర్టిఫికెట్లు చూసే టేబుల్ దగ్గర ఒరిజినల్స్ బయటికి తీయిస్తారు, మళ్లీ పెట్టుకునేటప్పుడు ధ్యాస ఇంటర్వ్యూ మీద ఉంటుంది. నా పక్కనున్న అమ్మాయి ఇంటర్ మెమో అలాగే టేబుల్ మీద ఉండిపోతే సెక్యూరిటీ ఆయన గేటు దాకా పరిగెత్తుకొచ్చి ఇచ్చాడు. మీరు గది నుంచి రాగానే, ఎలా జరిగిందని ఇంట్లోవాళ్లు ఫోను చేసినా ఎత్తకుండా, ముందు ఫైలు తెరిచి ఒక్కో జేబూ తడిమి లెక్కపెట్టుకోండి. తర్వాత ఫోను ఎత్తండి.